బాల న్యాయం: కౌమారులకు పెద్దల చట్టం వర్తింపు

నేరం చేసినట్లు ఆరోపణ వచ్చిన 18 ఏళ్లలోపు పిల్లలను పెద్దల కోర్టులకు, జైళ్లకు దూరంగా ఉంచి విచారించే ప్రత్యేక ఏర్పాటును బాల న్యాయ వ్యవస్థ అంటారు. భారతదేశంలో దీనికి ఇప్పుడు ఆధారం 2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన జువైనల్ జస్టిస్ చట్టం, 2015. దీనికి ముందున్న 2000 నాటి చట్టం ప్రకారం 18 నిండనివారు ఎంత పెద్ద నేరం చేసినా బాలలే. కొత్త చట్టం 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారి విషయంలో ఒక మినహాయింపు తెచ్చింది. ఘోర నేరం ఆరోపణ ఉంటే, ప్రాథమిక మదింపు జరిపి, వారిని పెద్దల మాదిరిగా విచారించడానికి వీలు కల్పించింది.

పదహారు, పదిహేడేళ్ల వారికి పెద్దల చట్టమే వర్తించాలా అన్న వాదనలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. చేసిన పనికి ఆ వయసువారు బాధ్యులా? వారిని ఎవరు, ఏ పద్ధతిలో విచారించాలి? నేరం రుజువైతే ఏ శిక్ష వేయాలి? మొదటి ప్రశ్నకు భారత శిక్షాస్మృతి 1860లోనే జవాబు చెప్పింది: 12 ఏళ్లు నిండిన వారెవరికీ వయసును బట్టి నేరబాధ్యత నుంచి మినహాయింపు లేదు. గత ఒకటిన్నర శతాబ్దంగా చట్టాలు మారుతూ వచ్చిందీ, నేటికీ వివాదం నడుస్తున్నదీ మిగిలిన రెండింటి మీదే.

వయసు మెట్లు

ఏడేళ్లలోపు పిల్లలు చేసిన ఏ పనీ నేరం కాదని 1860 నాటి శిక్షాస్మృతి 82వ సెక్షన్ చెప్పింది. ఏడు దాటి పన్నెండు నిండని పిల్లల విషయంలో, తాము చేస్తున్న పని స్వభావాన్నీ ఫలితాన్నీ గ్రహించే పరిపక్వత లేదని తేలితేనే 83వ సెక్షన్ వారికి రక్షణ ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఈ రెండింటినీ 20, 21 సెక్షన్లుగా దాదాపు యథాతథంగా ఉంచింది. పన్నెండు దాటితే శిక్షాస్మృతి దృష్టిలో పిల్లలకూ పెద్దలకూ తేడా లేదు. తేడా చూపేది జువైనల్ జస్టిస్ చట్టమే.

ఇతర చట్టాలు కౌమారాన్ని ఒక్కో అవసరానికి ఒక్కో చోట కొలిచాయి. ఒప్పందం చేసుకోవడానికి 18 ఏళ్లు నిండాలి. 61వ రాజ్యాంగ సవరణ తర్వాత ఓటు వయసు కూడా 21 నుంచి 18కి దిగింది. గేర్లు లేని, 50 సీసీ మించని ద్విచక్ర వాహనానికి 16 ఏళ్లకే లైసెన్సు ఇస్తారు. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడాన్ని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం నిషేధించింది. కాబట్టి ‘పెద్ద’ కావడానికి చట్టంలో ఒకే గీత ఉందనుకోవడం సరికాదు. ఏ హక్కుకు, ఏ బాధ్యతకు ఎంత వివేచన కావాలన్నదాన్ని బట్టి గీత జరుగుతూ వచ్చింది.

చారిత్రక నేపథ్యం

నేరం చేసిన పిల్లలను జైలుకు పంపకుండా పనిలో పెట్టాలన్న ఆలోచన 1850 నాటి అప్రెంటిస్‌ల చట్టంలో కనిపిస్తుంది. సంస్కరణ పాఠశాలల కోసం 1876లో ఒక చట్టం వచ్చింది, 1897లో దాన్ని తిరగరాశారు. 1919-20లో భారత జైళ్ల కమిటీ పిల్లలకు ప్రత్యేక కోర్టులు, ప్రత్యేక గృహాలు ఉండాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసును మొదట అమలుచేసింది మద్రాసు ప్రెసిడెన్సీయే. 1920 నాటి మద్రాసు బాలల చట్టం తర్వాత 1922లో బెంగాల్, 1924లో బొంబాయి అలాంటి చట్టాలు తెచ్చుకున్నాయి. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులో భాగం కావడంతో అక్కడ ఈ చట్టమే నడిచింది. హైదరాబాద్ రాష్ట్రం 1951లో సొంత బాలల చట్టం చేసుకుంది.

పిల్లలకూ పెద్దలకూ మధ్య మరో మెట్టు ఉండాలన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. 1925 నాటి మద్రాసు బోర్‌స్టల్ పాఠశాలల చట్టం కౌమారం దాటుతున్న యువ నేరస్థులను మామూలు జైలుకు బదులు బోర్‌స్టల్ పాఠశాలకు పంపడానికి వీలు కల్పించింది. అక్కడ చదువు, చేతిపని, క్రమశిక్షణ నేర్పేవారు. 23 ఏళ్ల వయసు నిండాక అక్కడ ఉంచడానికి వీల్లేదు. ఈ చట్టం ఆంధ్రప్రదేశ్‌కూ సంక్రమించింది. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడి బోర్‌స్టల్‌కు వెళ్లిన యువకుణ్ని 23 నిండాక తిరిగి జైలుకు పంపవచ్చా అన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. పంపకూడదని 1984లో కోర్టు తీర్పు చెప్పింది.

స్వాతంత్ర్యం తర్వాత కేంద్రపాలిత ప్రాంతాల కోసం చేసిన 1960 నాటి బాలల చట్టం బాలురకు 16, బాలికలకు 18 ఏళ్ల హద్దు పెట్టింది. మిగిలిన రాష్ట్రాల్లో ఎవరి చట్టం వారిదే. జైళ్లలో మగ్గుతున్న పిల్లల గురించి పాత్రికేయురాలు షీలా బర్సే వేసిన పిటిషన్‌పై 1986లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒకే చట్టం ఉండాలని చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన జువైనల్ జస్టిస్ చట్టం 16, 18 హద్దునే కొనసాగించింది. పిల్లలను పోలీసు లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచడాన్ని దేశవ్యాప్తంగా నిషేధించింది.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారత్ 1992 డిసెంబరు 11న చేరింది. 18 ఏళ్లలోపు వారంతా బాలలేనన్నది ఆ ఒడంబడిక నిర్వచనం. దానికి తగ్గట్టు 2000 నాటి చట్టం అబ్బాయిలకూ హద్దును 18కి పెంచింది. జువైనల్ కోర్టుల స్థానంలో మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే బోర్డులు వచ్చాయి. అంటే 16, 17 ఏళ్ల అబ్బాయిలు పెద్దల కోర్టులను తప్పించుకున్నది 2001 ఏప్రిల్ నుంచి మాత్రమే. 2015లో జరిగిన మార్పును పాత పద్ధతికి మళ్లడంగా కొందరు చూడటానికి ఈ చరిత్రే కారణం.

2012 తర్వాత

2012 డిసెంబరు 16న ఢిల్లీలో కదులుతున్న బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం, హత్య కేసులో ఆరుగురు నిందితుల్లో ఒకరికి 18 నిండటానికి కొన్ని నెలలు తక్కువ. పెద్దలైన ఐదుగురిలో ఒకరు విచారణ సాగుతుండగా జైలులో చనిపోయారు. మిగిలిన నలుగురికి పడిన ఉరిశిక్ష 2020 మార్చి 20న అమలైంది. మైనర్‌కు మాత్రం బోర్డు 2013 ఆగస్టు 31న గరిష్ఠంగా ఇవ్వగలిగిన మూడేళ్ల ప్రత్యేక గృహవాసం విధించింది. ఒకే నేరానికి ఇంత తేడా ఏమిటన్న ఆగ్రహం వీధుల్లోనూ పార్లమెంటులోనూ వినిపించింది.

అయినా నిపుణుల కమిటీలు, కోర్టులు వెంటనే ఆ దారి పట్టలేదు. లైంగిక నేరాల చట్టాలను సమీక్షించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ 2013 జనవరి 23న ఇచ్చిన నివేదికలో వయసు హద్దు తగ్గించాలని సిఫారసు చేయలేదు. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు వయసు తగ్గించాలన్న పిటిషన్లను కొట్టేసింది. కొన్ని ఘటనలను చూపి మొత్తం విధానాన్ని మార్చడం తగదని భావించింది. 2014 మార్చిలో సుబ్రమణ్యస్వామి తదితరుల పిటిషన్‌పైనా అదే జరిగింది.

2014 ఆగస్టులో మహిళా శిశు అభివృద్ధి మంత్రి మేనకా గాంధీ కొత్త బిల్లు పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం 16, 17 ఏళ్ల వారిని పెద్దల విచారణకు పంపే నిబంధనను వ్యతిరేకించింది. లోక్‌సభ 2015 మే 7న బిల్లును ఆమోదించింది. ఢిల్లీ కేసులోని మైనర్ గడువు ముగిసి 2015 డిసెంబరు 20న విడుదలయ్యారు. రెండు రోజులకే రాజ్యసభ కూడా బిల్లుకు ఆమోదం తెలిపింది. నేరం జరిగిన నాటి చట్టం కన్నా కఠినమైన శిక్షను తర్వాతి చట్టంతో వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది కాబట్టి, ఏ కేసు ఈ చట్టాన్ని పుట్టించిందో ఆ కేసుకు ఇది వర్తించలేదు.

చట్టం పనిచేసే తీరు

2015 చట్టం నేరాలను మూడుగా విడదీసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్లకు మించనివి చిన్న నేరాలు. మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్నవి తీవ్ర నేరాలు. కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవి ఘోర నేరాలు. హత్య, అత్యాచారం, ఆయుధాలతో బందిపోటు దోపిడీ వంటివి మూడో తరగతిలోకి వస్తాయి. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటినా కనీస శిక్ష నిర్ణయించని నేరాల సంగతేమిటన్నది చట్టంలో తేలలేదు. వాటిని తీవ్ర నేరాలుగానే చూడాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పగా, 2021 సవరణ దాన్ని చట్టంలో చేర్చింది. కాబట్టి ఎంత పెద్ద ప్రాణనష్టం జరిగినా, కనీస శిక్ష లేని నేరమైతే మైనర్‌ను పెద్దల విచారణకు పంపే వీలు లేదు.

పట్టుబడిన బాలుణ్ని ఇరవై నాలుగు గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో, జైలులో ఉంచకూడదు, సంకెళ్లు వేయకూడదు. నేరం బెయిలు ఇవ్వదగినదైనా కాకపోయినా బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. విడుదల చేస్తే బాలుడు నేరస్థుల సావాసంలో పడతాడనో, అతనికి ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు భావిస్తేనే నిరాకరించాలి. విచారణ ముగిసేదాకా ఉంచే చోటును అబ్జర్వేషన్ హోమ్ అంటారు. పత్రికల్లోనూ వాడుకలోనూ దాన్ని జువైనల్ హోమ్ అంటారు. హైదరాబాద్ సైదాబాద్‌లోని ప్రభుత్వ గృహం తెలుగు పాఠకులకు పరిచితమైనది. బాలుడి పేరు, ఫొటో, చదివే బడి వంటి ఆనవాళ్లు బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధించింది.

మామూలు విచారణలో నేరం రుజువైతే బోర్డు మందలించి పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు, ప్రొబేషన్‌పై వదలవచ్చు, గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహానికి పంపవచ్చు. పదహారు నిండనివారికి ఘోర నేరంలోనూ ఇదే హద్దు.

ప్రాథమిక మదింపు

పదహారు నిండినవారిపై ఘోర నేరం ఆరోపణ వస్తే 15వ సెక్షన్ కింద బోర్డు మూడు విషయాలు చూస్తుంది: ఆ నేరం చేయడానికి కావలసిన మానసిక, శారీరక సామర్థ్యం, దాని పర్యవసానాలను గ్రహించగల శక్తి, నేరం జరిగినట్లు చెబుతున్న పరిస్థితులు. బాలుణ్ని మొదట హాజరుపరచిన నాటి నుంచి మూడు నెలల్లో ఇది పూర్తికావాలి. ఇది విచారణ కాదని, సామర్థ్యాన్ని అంచనా వేయడమేనని సెక్షన్ వివరణే చెబుతుంది. పెద్దల మాదిరి విచారణ అవసరమని బోర్డు భావిస్తే కేసును బాలల న్యాయస్థానానికి బదిలీ చేస్తుంది. ఆ న్యాయస్థానం విషయాన్ని తిరిగి పరిశీలించి, అవసరం లేదనుకుంటే మామూలు పద్ధతిలోనే తేల్చవచ్చు. బోర్డు ఉత్తర్వుపై ముప్పై రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఈ ఏర్పాటులోని చిక్కు వరుసలోనే ఉంది. నేరం చేశాడో లేదో తేలకముందే, నేరం చేసినప్పుడు అతని మనసు ఎలా ఉందో తేల్చాలి. చేయలేదని వాదించే బాలుడు ఎందుకు చేశావన్న మనస్తత్వవేత్త ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా చిక్కే. పైగా పరీక్ష జరిగేది నేరం తర్వాత వారాలకో నెలలకో. అప్పటి ఆలోచనను ఇప్పటి ప్రజ్ఞా పరీక్షతో కొలవడం సాధ్యమేనా అన్నది మానసిక వైద్యుల్లోనే చర్చ. పద్దెనిమిదేళ్ల వరకు బాలలకు దురుద్దేశం లేదనే భావించాలని చట్టం మూడో సెక్షన్‌లో రాసిన సూత్రంతోనూ ఇది పొసగదని విమర్శకుల వాదన.

గురుగ్రామ్ పాఠశాలలో 2017లో జరిగిన విద్యార్థి హత్య కేసు ఈ చిక్కును సుప్రీంకోర్టు ముందుకు తెచ్చింది. 2022 జూలైలో ఇచ్చిన తీర్పులో కోర్టు, మదింపు సున్నితమైన పని అని, బోర్డులో బాలల మనస్తత్వంలో శిక్షణ ఉన్నవారు లేనప్పుడు నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని చెప్పింది. చట్టంలో ‘తీసుకోవచ్చు’ అన్నది ఐచ్ఛికం కాదని ఆ తీర్పు అర్థం. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. మదింపు జరపకుండానే పెద్దల మాదిరి విచారించి వేసిన శిక్ష చెల్లదని 2024 మార్చిలో, మూడు నెలల గడువు దాటినంత మాత్రాన మదింపు చెల్లకుండా పోదని అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

శిక్షల హద్దు

పెద్దల మాదిరి విచారించినా పెద్దల శిక్షలన్నీ వర్తించవు. మరణశిక్ష, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్ష 21వ సెక్షన్ కింద నిషిద్ధం. శిక్ష పడినా 21 ఏళ్లు నిండేదాకా జైలుకు కాకుండా సురక్షిత స్థలం అని చట్టం పిలిచే వేరే గృహంలో ఉంచి చదువు, వృత్తి శిక్షణ, కౌన్సెలింగ్ ఇవ్వాలి. 21 నిండాక న్యాయస్థానం అతను మారాడా లేదా అని చూసి, షరతులతో విడుదల చేయవచ్చు లేదా మిగిలిన శిక్షకు జైలుకు పంపవచ్చు. అంటే ఈ చట్టం కౌమారుణ్ని పెద్దవాడిగా విచారిస్తుంది గానీ, శిక్ష దగ్గర మళ్లీ రెండో అవకాశం ఇస్తుంది.

బోర్డు దోషిగా తేల్చిన బాలుడికి ఉద్యోగానికో ఎన్నికలకో అనర్హత అంటదు, గడువు తీరాక రికార్డు చెరిపేయాలి. పెద్దల మాదిరి విచారణలో దోషిగా తేలినవారికి ఈ రక్షణ లేదు.

వయసు నిర్ధారణ

పద్ధతి మొత్తం వయసుపై నడుస్తుంది కాబట్టి పుట్టిన తేదీయే చాలా కేసుల్లో మొదటి తగాదా. నేరం జరిగిన రోజు వయసే లెక్క అని 2005లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరచింది. అంతకుముందు, 2000లో, కోర్టులో హాజరుపరచిన రోజును తీసుకోవాలన్న తీర్పు ఉండేది. పాఠశాల లేదా పదో తరగతి ధ్రువపత్రం, అది లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష అని 94వ సెక్షన్ వరుస పెట్టింది. ఎముకల పరీక్ష కచ్చితమైన వయసు చెప్పలేదు, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉంటుంది. హద్దు దగ్గరి వయసువారికి ఆ తేడాయే తలరాత.

మైనర్‌నన్న వాదనను ఏ దశలోనైనా, శిక్ష ఖరారయ్యాక కూడా లేవనెత్తవచ్చు. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడి ఇరవై ఎనిమిదేళ్లకు పైగా జైలులో ఉన్న వ్యక్తి, నేరం నాటికి పన్నెండేళ్ల బాలుడని తేలడంతో 2023 మార్చిలో సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. 2019 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఘటనపై విచారించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, వారిలో ముగ్గురు అప్పటికి మైనర్లని తేల్చింది. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. వయసు తేల్చే విధానం ఎంత పక్కాగా రాసి ఉన్నా, అది మొదలయ్యేది పోలీసుస్టేషన్‌లోనే అన్నది ఈ రెండు కేసులూ చూపిస్తాయి.

కౌమార మనస్తత్వం: పరిశోధన ఏం చెబుతోంది

నేరాలు చేసేవారి సంఖ్యను వయసును బట్టి గీస్తే, గీత కౌమారంలో పైకెక్కి, యవ్వనం నడుమ దిగిపోతుంది. దేశాలు, కాలాలు మారినా ఈ ఆకారం చాలావరకు ఒకేలా కనిపిస్తుంది. మనస్తత్వవేత్త టెరీ మాఫిట్ 1993లో దీన్ని రెండుగా విడదీశారు. ఎక్కువమంది కౌమారంతో పాటే తప్పుడు పనులకు స్వస్తి చెబుతారు. బాల్యంలోనే మొదలై జీవితాంతం కొనసాగేవారు కొద్దిమందే. చిక్కేమిటంటే, పదహారేళ్ల వయసులో ఒక్క నేరాన్ని చూసి ఎవరు ఏ రకమో చెప్పడం కష్టం.

మనస్తత్వవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ తదితరుల పరిశోధనలు పరిపక్వతనూ రెండుగా చూపాయి. ప్రశాంతంగా కూర్చుని తర్కించే శక్తి పదహారేళ్లకల్లా పెద్దలతో సమానంగా వస్తుంది. తోటివారి ఒత్తిడిలో, కోపంలో, ఉత్సాహంలో తనను అదుపు చేసుకునే శక్తి మాత్రం ఇరవైల నడుమ దాకా పెరుగుతూనే ఉంటుంది. ప్రణాళికకు, నిగ్రహానికి తోడ్పడే మెదడు ముందు భాగం చివరగా పరిపక్వం కావడం ఇందుకు ఒక కారణంగా చెబుతారు. ఈ ఫలితాలను ఇరుపక్షాలూ వాడుకోవడం విశేషం. ముందుగా పథకం వేసి చేసిన నేరానికి పదహారేళ్లు చాలునని ఒకరు, ముఠాగా ఆవేశంలో జరిగిన నేరానికి చాలవని మరొకరు అంటారు. అయితే పరిశోధన చెప్పేది సగటును. కోర్టు తేల్చవలసింది ఎదురుగా ఉన్న ఒక్కడిని.

వాదనలు

పెద్దల విచారణను సమర్థించేవారు మొదట బాధితుల వైపు నుంచి మాట్లాడతారు. చేసినవాడి వయసును బట్టి బాధితురాలి నష్టం తగ్గదు. హత్యకో సామూహిక అత్యాచారానికో మూడేళ్ల హద్దు న్యాయం అనిపించదు. శిక్ష తక్కువని పెద్ద ముఠాలు మైనర్లను ముందుకు తోస్తాయన్న వాదన కూడా ఉంది. దీనికి చట్టం పెద్దలనే లక్ష్యం చేసుకుంది: పిల్లలతో నేరం చేయించినవారికి న్యాయ సంహిత 95వ సెక్షన్ మూడు నుంచి పదేళ్ల శిక్ష విధిస్తుంది.

వ్యతిరేకించేవారి వాదన ఫలితాల మీద నిలబడుతుంది. జైలులో రాటుదేలిన నేరస్థుల మధ్య పెరిగినవాడు తిరిగి వచ్చేది సమాజంలోకే. అమెరికాలో పెద్దల కోర్టులకు బదిలీ అయిన కౌమారులు, అలాంటి నేరాలకే బాలల కోర్టుల్లో ఉన్నవారి కన్నా తర్వాత ఎక్కువగా హింసకు పాల్పడ్డారని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2007లో ప్రచురించిన సమీక్ష తేల్చింది. సంఖ్యలనూ వారు ప్రస్తావిస్తారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మైనర్లపై దేశవ్యాప్తంగా నమోదైన కేసులు 30,555. మొత్తం నేరాల్లో ఇది చిన్న వాటా. అయితే పట్టుబడిన మైనర్లలో నాలుగింట మూడొంతులకు పైగా 16-18 మధ్యవారేనన్నది అవతలి పక్షం ఉటంకించే వాస్తవం.

ప్రేమ వ్యవహారాలు, వాహన ప్రమాదాలు

పెద్దల విచారణ హత్యలకో అత్యాచారాలకో మాత్రమే వర్తిస్తుందనుకుంటే పొరపాటు. బాలలపై లైంగిక నేరాలను అరికట్టడానికి వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారి సమ్మతిని గుర్తించదు. 2019 సవరణ తర్వాత చొరబాటుతో కూడిన లైంగిక దాడికి కనీస శిక్ష పదేళ్లు, అంటే అది ఘోర నేరం. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి వెళ్లిపోతే, అమ్మాయి తల్లిదండ్రుల ఫిర్యాదుతో ఆ అబ్బాయి కూడా మదింపు ముందుకు రావచ్చు. ఇక్కడ చట్టం ఒకే వయసువారిలో ఒకరిని సమ్మతి ఇవ్వలేని బిడ్డగానూ, మరొకరిని పెద్దవాడిగా విచారించదగినవాడిగానూ చూస్తుంది. సమ్మతి వయసును 18 నుంచి తగ్గించవద్దని, 16-18 మధ్య మౌన సమ్మతి ఉన్న కేసుల్లో శిక్ష విషయంలో న్యాయమూర్తికి విచక్షణ ఇవ్వాలని 22వ లా కమిషన్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది.

వాహనాల విషయంలో చట్టం వేరే దారి పట్టింది. 2019 మోటారు వాహనాల సవరణ మైనర్ చేసిన నేరానికి సంరక్షకుడినో వాహన యజమానినో బాధ్యుణ్ని చేసింది. మూడేళ్ల జైలు, 25 వేల రూపాయల జరిమానా, ఏడాదిపాటు వాహన రిజిస్ట్రేషన్ రద్దు దాని పర్యవసానాలు. మైనర్‌కు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 2024 మే 19న పుణెలో మైనర్ నడిపిన ఖరీదైన కారు ఢీకొని ఇద్దరు చనిపోగా, రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో బోర్డు బెయిలివ్వడం దుమారం రేపింది. అతన్ని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను బోర్డు 2025 జూలైలో తిరస్కరించింది.

ఘోర నేరాల విషయానికి వస్తే, హైదరాబాద్‌లో 2022 మేలో జరిగిన జూబ్లీహిల్స్ అత్యాచార కేసులో ఒక మేజర్‌తో పాటు ఐదుగురు మైనర్లు నిందితులు. వారిలో నలుగురిని పెద్దల మాదిరి విచారించాలని బోర్డు ఆ ఏడాది సెప్టెంబరులో ఆదేశించింది. ఒకే ఘటనలోని మైనర్లను వేర్వేరుగా తూచడానికి మదింపు అవకాశమిస్తుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఇతర దేశాలలో

ప్రపంచంలో తొలి బాలల కోర్టు 1899లో అమెరికాలోని షికాగోలో మొదలైంది. బాలలకూ న్యాయవాది, నోటీసు, సాక్షులను ప్రశ్నించే హక్కు ఉండాలని 1967లో గాల్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1990లలో అక్కడి రాష్ట్రాలు కౌమారులను పెద్దల కోర్టులకు పంపే చట్టాలను విస్తరించాయి. ఆ తర్వాత ధోరణి మళ్లింది. 18లోపు వారికి మరణశిక్షను 2005లో, హత్య కాని నేరాలకు పెరోల్ లేని యావజ్జీవాన్ని 2010లో, హత్యకు తప్పనిసరిగా అలాంటి శిక్ష వేయడాన్ని 2012లో కోర్టు నిషేధించింది. 16, 17 ఏళ్ల వారిని నేరుగా పెద్దలుగా చూసిన న్యూయార్క్ 2019 నాటికి ఆ హద్దును 18కి పెంచింది.

ఇంగ్లండ్‌లో నేరబాధ్యత పదేళ్లకే మొదలవుతుంది. 1993లో రెండేళ్ల పసివాణ్ని చంపిన ఇద్దరు పదేళ్ల బాలురను పెద్దల కోర్టులో విచారించారు. బోనెక్కిన పిల్లలకు ఏం జరుగుతోందో అర్థం కాని ఆ విచారణ న్యాయమైనది కాదని యూరప్ మానవ హక్కుల కోర్టు 1999లో తేల్చింది. స్కాట్లాండ్ ఈ హద్దును పన్నెండుకు పెంచింది. జర్మనీలో 14లోపు వారు బాధ్యులు కారు. పైగా 18 నుంచి 20 ఏళ్ల వారికీ వారి పరిపక్వతను బట్టి బాలల చట్టాన్ని వర్తింపజేయవచ్చు, అంటే అక్కడ మదింపు భారత్‌కు ఎదురు దిశలో నడుస్తుంది. జపాన్ 2022లో 18, 19 ఏళ్ల వారిని బాలల చట్టంలోనే ఉంచుతూ, తీవ్ర నేరాల్లో వారిని పెద్దల కోర్టుకు పంపే అవకాశాన్ని పెంచింది. చైనా 2021లో హత్య వంటి నేరాలకు హద్దును పన్నెండుకు దించింది. నేరబాధ్యత కనీస వయసు కనీసం 14 ఉండాలని, 18లోపు వారిని పెద్దలుగా విచారించరాదని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో చెప్పింది.

ప్రస్తుత స్థితి

దాదాపు అన్ని వ్యవస్థల్లోనూ మరణశిక్ష కౌమారులకు దూరమైంది, బాధ్యత పూర్తిగా తొలగలేదు. ఒకే ప్రమాణం కావాలనే వాదన గానీ, ఏ మినహాయింపూ వద్దనే వాదన గానీ ఎక్కడా పూర్తిగా నెగ్గలేదు. భారత చట్టం ఎంచుకున్న మధ్యేమార్గం కాగితంపై జాగ్రత్తగానే ఉంది. నేర తీవ్రతను బట్టి గడప, రెండు దశల పరిశీలన, శిక్షపై హద్దు, 21వ ఏట పునఃపరిశీలన అందులో ఉన్నాయి. అయితే మొత్తం ఏర్పాటు ఒక్క మదింపుపై ఆధారపడింది. దాన్ని చేయాల్సిన బోర్డులో మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. చైల్డ్ సైకాలజిస్టు, ప్రొబేషన్ అధికారి, సామాజిక దర్యాప్తు నివేదిక అందుబాటులో ఉన్న జిల్లాలో ఒక పదిహేడేళ్ల బాలుడికి దక్కే నిర్ణయం, అవి లేని జిల్లాలో అదే నేరానికి మరొకరికి దక్కకపోవచ్చు. కౌమారులను పెద్దల ప్రమాణంతో తూచాలా వద్దా అన్న ప్రశ్న చట్టసభలో తేలినా, ఎవరిని ఏ ప్రమాణంతో తూచారన్నది మాత్రం ఇంకా జిల్లా బోర్డుల్లోనే, ఒక్కో కేసుగా తేలుతోంది. వయసు హద్దును అటో ఇటో జరపడం కన్నా ఆ బోర్డులకు నిపుణులను ఇవ్వడం మీదే ఈ చట్టం న్యాయంగా పనిచేయడం ఆధారపడి ఉంది.